గాజుపలకల కెమేరాలు – వాని వెల, వాని విలువ : కర్నూలు, కడప మండలముల చరిత్రదృష్టితో ఒక పరిశీలనము

ప్రాచీనవస్తు సేకరణ మనగానే తెలుగు శాఖలయందు తాళపత్రములు, రాగిరేకులు, నాణెములు ముందుగా స్ఫురించుట సహజము. శాసనపాఠమును నిర్ణయించుటకును, తాళపత్రప్రతి కాలమును గుర్తించుటకును మనకొక పద్ధతి యేర్పడియున్నది. పూర్వపరిశోధకులు తరతరముల కృషిచే ఆ పద్ధతిని స్థిరపరచిరి. గడచిన నూటయేబది సంవత్సరముల చరిత్రకు ఛాయాచిత్రము శాసనముతో సమానమైన సాక్ష్యము. అయినను ఆ చిత్రమును గాజుపలకపై నిలిపిన కెమేరాను గూర్చి మనలో జరిగిన విచారణ మిక్కిలి స్వల్పము.

పాత కెమేరాలు నేడు ప్రాయికముగా రెండు తావుల కనబడుచున్నవి. ఒకటి సేకర్తల అలమారు. రెండవది హోటళ్లయందును ధనికుల గృహములయందును అలంకారపు బల్ల. రెండుచోట్లను అవి తమ పలకలనుండియు, తమ చిట్టాలనుండియు, తమ యూరినుండియు వేరుపడియే యుండుట తరచు. ఈ వ్యాసమున మేము ప్రతిపాదింపదలచిన విషయ మొక్కటియే. కెమేరాకు వెల వేరు, విలువ వేరు. వెల దాని అరుదుదనమును బట్టి యేర్పడును. విలువ అది యిచ్చు సాక్ష్యమును బట్టి యేర్పడును. కరవులచేతను, వలసలచేతను, జలాశయముల ముంపులచేతను జనుల జ్ఞాపకములు చెదరిపోయిన కర్నూలు, కడప మండలములవంటి చోట్ల ఈ రెంటికిని గల భేదమును మరచినచో నష్టపోవునది చరిత్రయే.

పరికరస్వరూపము

ఛాయాచిత్రకళ 1839 వ సంవత్సరమున పారిస్ నగరమందు డాగెర్ పద్ధతి ప్రకటింపబడుటతో లోకమునకు వెల్లడియైనది. ఆతని పలక వెండిపూతగల రాగిరేకు. దానిపై నిలిచిన చిత్ర మొక్కటియే. దానినుండి మరియొక ప్రతిని తీయ వీలులేదు. 1851 లో ఆంగ్లేయుడగు ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ గాజుపలకపై కొల్లోడియను అను జిగురుద్రవమును పోసి, దానిని వెండిలవణపు నీట ముంచి, తడి యారకమునుపే చిత్రము తీయు విధానమును ప్రచురించెను. ఒక పలకనుండి కాగితముపై ఎన్ని ప్రతులనైనను తీయవచ్చును. 1871 లో రిచర్డ్ లీచ్ మాడాక్స్ అను వైద్యుడు జెలటిను పూతగల ఎండుపలకను సూచించెను. ఆపై పదియేండ్లలోపలనే ఎండుపలకలు కర్మాగారములందు తయారై పెట్టెలలో అమ్మకమునకు వచ్చినవి.

తడిపలకపై పనిచేయువాడు పూత, ముంపు, చిత్రణము, కడుగుట అను నాలుగు పనులను సుమారు పది పదునైదు నిమిషములలో ముగింపవలెను. పొడిగాలులు వీచు వేసవిలో ఆ వ్యవధి యింకను తగ్గిపోవును. కావున ఛాయాచిత్రకారుడు చీకటిగుడారమును, మందుసీసాలను, కడుగుటకు వలయు నీటిని గూడ వెంట మోయించుకొని పోవలసియుండెను. త్రాగునీటికే కటకటలాడు సీమలో ఈ పని యెంత క్లేశకరమో వేరుగ చెప్పనక్కరలేదు. ఎండుపలక వచ్చిన పిమ్మట గుడారపు బరువు తీరినది గాని, వేడి బాధ తీరలేదు. జెలటిను గోరువెచ్చని నీటిలోనే మెత్తబడి, అంచులయందు ముడుతలుపడి గాజునుండి లేచిపోవును. అందుచే ఉష్ణదేశములందు పలకలను రాత్రివేళ చల్లని నీటితో కడుగుటయు, పటికనీట గట్టిపరచుటయు ఆచారమైనది. పలక అంచున ముడుతలు కనబడినచో అది కడిగిన నాటి వేడికి గుర్తని గ్రహింపవచ్చును.

ఇక కెమేరా నిర్మాణము సులభగ్రాహ్యము. ముందుపలకకు కటకము, వెనుక గరుకుగాజు, ఈ రెంటినడుమ మడతలుమడతలుగా సాగు తోలుతిత్తి, క్రింద పండ్లపట్టీపై ముందువెనుకలకు జరుగు కొయ్యచట్టము, నిలుపుటకు మూడుకాళ్ల స్టాండు – ఇవియే ముఖ్యాంగములు. చిత్రకారుడు నల్లగుడ్డ కప్పుకొని గరుకుగాజుపై తలక్రిందులుగా పడు బింబమును సరిచూచును. పిదప గాజును తొలగించి, ఆ స్థానమున పలకపెట్టెను చొనిపి, కటకపు మూతను తీసి, లోలోపల లెక్కపెట్టి మరల మూయును. తరువాతికాలమున మూతకు బదులుగా షట్టరు వచ్చినది.

పలకల పరిమాణములు పరిశోధకునికి మిక్కిలి యుపయోగించు విషయము. ఆంగ్లదేశపు కొలతలలో పూర్తిపలక 8½ × 6½ అంగుళములు. అరపలక 6½ × 4¾. పావుపలక 4¼ × 3¼. ఆ కాలమున ప్రతులను పలకకు కాగితమును తాకించియే తీయుట పరిపాటి గనుక, ప్రతియు పలకయు ఒకే కొలతలో నుండును. అట్టపై నతికించిన పాత చిత్రమును కొలిచినంతమాత్రమున దానిని తీసిన కెమేరా ఏ తరగతిదో చాలవరకు నిర్ణయింపవచ్చును.

ఈ మండలములకు ఛాయాచిత్రము వచ్చిన త్రోవ

కడప సీమ 1800 లో నిజాముచే కుంఫిణీవారికి దత్తమైనది. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాను పదభ్రష్టుడై ఆ రాజ్యము కుంఫిణీవశమైనది 1839 లో. అనగా డాగెర్ పద్ధతి ప్రకటితమైన సంవత్సరముననే. కావున కర్నూలు నవాబుల దర్బారు ఛాయాచిత్రమునకు చిక్కకయే ముగిసినది. ఆ వైభవమునకు మనకు మిగిలిన సాక్ష్యములు కట్టడములును వ్రాతలును మాత్రమే. ఛాయాచిత్రము ఈ మండలములను చూచునాటికి ఇచ్చట నున్నది కలెక్టరు కచ్చేరి, రెవిన్యూ సర్వే, సైనికశిబిరము.

మదరాసున 1850 లో డాక్టరు అలెగ్జాండర్ హంటర్ స్థాపించిన కళాపాఠశాల ఛాయాచిత్రవిద్యకును స్థానమైనది. 1856 ప్రాంతమున అలెగ్జాండర్ గ్రీన్‌లా అను సైనికాధికారి, దత్తమండలములలోనిదే యైన హంపీ శిథిలములను మైనము పట్టించిన పెద్ద కాగితపు నెగెటివులపై చిత్రించెను. తడిపలకకంటె మైనపుకాగితము ప్రయాణమునకు అనుకూలము, ముందురోజే సిద్ధపరచుకొనవచ్చును. ఎండసీమలో పనిచేసినవారు గాజును విడిచి కాగితము నెన్నుకొనుటకు ఇట్టి కారణములు కలవు.

తడిపలకకు తెలుగుదేశమున ప్రసిద్ధి కలిగించిన ఘట్టము 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణము. ఆనాడు గుంటూరున మేజర్ టెనంట్ బృందము గ్రహణసమయమున ఆరు పలకలపై సూర్యబింబమును నిలిపినది. అదే గ్రహణమును పరిశీలించుటకు మదరాసు నక్షత్రశాలకు చెందిన చింతామణి రఘునాథాచార్యులు కర్నూలునకు ఉత్తరమున, కృష్ణ కావలనున్న వనపర్తికి బృందముతో వెళ్లెను. ఖగోళశాస్త్రము, సైన్యము, ప్రభుత్వశాఖలు – ఈ మూడే మనప్రాంతమున పలకకెమేరాకు మొదటి పోషకులు. సామాన్యజనుడు అప్పటికి కెమేరా ముందునకు రాలేదు; వచ్చినను తన యిచ్ఛచే రాలేదు.

మదరాసునుండి కడప మీదుగా వాయవ్యముగా సాగిన రైలుమార్గము 1871 లో రాయచూరు చేరినది. గాజు బరువైనది, పగులు స్వభావము గలది. బండిబాటకంటె రైలు దానికి సురక్షితము. పలకలకును మందులకును మదరాసుపై నాధారపడిన కాలమున రైలుదారినున్న కడపకు ఈ సౌకర్యము ముందుగా లభించినది. రైలు ఆలస్యముగా వచ్చిన కర్నూలు పట్టణమునకు అది వెనుకగా లభించినది.

క్షామకాలపు పలకలు

1876–78 సంవత్సరముల మహాక్షామము, మన పెద్దలు ధాతకరవని పిలిచినది, ఈ మండలముల చరిత్రలో మానరాని గాయము. మదరాసు రాజధానిలో బళ్లారి, కర్నూలు, కడప మండలములు దానిచే ఘోరముగా దెబ్బతినినవి. 1871, 1881 జనాభాలెక్కల నడుమ కర్నూలు మండలపు జనసంఖ్య సుమారు నాలుగవవంతు తగ్గిపోయినది. గ్రామములు విడిచినవారు త్రోవలవెంట నడచి సహాయశిబిరములకును, మదరాసు నగరమునకును చేరిరి.

ఆ సమయమున విలబీ వాలెస్ హూపర్ అను సైనికాధికారి మదరాసు రాజధానియందు క్షామపీడితులను గాజుపలకలపై చిత్రించెను. ఎముకలగూడులైన స్త్రీపురుషులును బిడ్డలును వరుసగా కూర్చుండబెట్టబడి కెమేరావైపు చూచుచున్న ఆ చిత్రములు ఇంగ్లండునకు చేరినవి. క్షామసహాయనిధికి ప్రజల మనస్సులను కదలించుటకు అట్టి చిత్రములు ఉపయోగపడినవి. విలియం డిగ్బీ 1878 లో రెండు సంపుటములుగా ప్రకటించిన దక్షిణభారత క్షామచరిత్ర నేటికిని ప్రధానాధారము. హూపర్ చిత్రముల ప్రతులు పాశ్చాత్యదేశముల సంగ్రహములందు భద్రముగ నున్నవి.

ఈ చిత్రములను గూర్చి రెండు విమర్శలు కలవు. చావునకు సిద్ధమైనవారిని వరుసగా అమర్చి చిత్రించుట నిర్దయ యనునది మొదటిది. ఇదే హూపర్ 1886 ప్రాంతమున బర్మాలోని మాండలే నగరమున మరణశిక్షల క్షణమును కెమేరాతో పట్టబోయి అపనింద పాలగుటచే ఈ విమర్శకు బలము చేకూరినది. ఆ చిత్రములు నిజమునకు కల్పితపు అమరిక లనునది రెండవది. ఈ రెండవ విమర్శను తూచునపుడే కెమేరాజ్ఞానము మనకు ఉపకరించును. ఆనాటి పలకకు వెలుగు చాలసేపు తగులవలెను. కదలినవాని రూపు చెదరిపోవును. వరుసగా కూర్చుండబెట్టుట, కన్నులు నిలుపుమనుట, గోడకు ఆనించుట – ఇవన్నియు కొంతవరకు పరికరము విధించిన నియమములు. అమరిక యంతయు హూపర్ హృదయకాఠిన్యమే యనుట తొందరపాటు. అమరికలో ఆతని యెన్నిక యేమియు లేదనుటయు అంతే తొందరపాటు. ఎవరిని పిలువవలెనో, ఎవరిని ప్రక్కన నిలుపవలెనో, వస్త్రమును ఎంతవరకు తొలగింపవలెనో నిర్ణయించునది కెమేరా కాదు. యంత్రము విధించినదేదో, మనుష్యుడు కోరినదేదో విడదీసి చూపగలవాడే ఆ చిత్రములను చరిత్రసాక్ష్యముగ వాడుకొనగలడు.

అన్నింటికంటె మించిన లోప మొకటి కలదు. ఆ ముఖముల వెంట పేరులు రాలేదు. శాసనమున దానము పొందినవాని పేరు, గోత్రము, గ్రామము చెక్కబడినవి. ఈ పలకలపై ముఖము మాత్రమే నిలిచినది. ఆ వరుసలో కూర్చున్నది నంద్యాలసీమ రైతో, సిరివెళ్ల కూలియో, జమ్మలమడుగు సాలెవాడో నేడు చెప్పగలవారు లేరు. రాయలసీమ ప్రజలు కెమేరా ముందు నిలిచిన తొలి ఘట్టములలో ఒకటి ఇట్లు అనామకముగ ముగిసినది.

పురాతత్త్వశాఖ పలకలు

పలకకెమేరా ఈ ప్రాంతమునకు చేసిన మహోపకారము పురాతత్త్వక్షేత్రమున కానవచ్చును. కడప మండలమున జమ్మలమడుగునకు సమీపమున పెన్నయొడ్డున నున్న దానవులపాడు ఇందుకు తగిన ఉదాహరణము. మదరాసు పురాతత్త్వశాఖాధికారి అలెగ్జాండర్ రీ అచ్చట ఇసుకలో పూడిపోయిన జైనాలయావశేషములను త్రవ్వించి, ఆ వృత్తాంతమును పురాతత్త్వశాఖ 1905–06 వార్షికనివేదికలో చిత్రములతో ప్రకటించెను. అచ్చటి శిల్పములు కొన్ని మదరాసు మ్యూజియమునకు తరలిపోయినవి. విగ్రహము ఊరు విడిచిపోయిన పిదప, అది యుండిన తావును, ఆ తావుతో దానికి గల సంబంధమును తెలుపునది పలకయే.

ఆలయగోపురములను చిత్రించుటకు సామాన్యమైన కెమేరా చాలదు. గోపురాగ్రము పట్టుటకై కెమేరాను పైకి వంచినచో కట్టడపు నిలువురేఖలు పైకి పోనుపోను దగ్గరయై, గోపురము వెనుకకు వాలినట్లు కనబడును. ముందుపలకను మాత్రమే పైకి జరుపు ఏర్పాటు గల కెమేరాలో ఈ దోషముండదు. కేంబ్రిడ్జి నగరపు కొయ్యపనివాడు ఫ్రెడరిక్ సాండర్సన్ 1895 లో ఇట్టి ముందుచట్టమునకు హక్కుపత్రమును పొందెను; కట్టడముల చిత్రణమే ఆతని యుద్దేశము. కావున ఒంటిమిట్ట, పుష్పగిరి, అహోబిలములవంటి క్షేత్రముల పాతచిత్రములందు గోపురము నిటారుగ నిలిచియున్నచో, దానిని తీసినవానికి మంచి పరికరమును, దాని యందు నేర్పును గలవని గ్రహింపవచ్చును. ఆ చిత్రమునుండి కొలతలను తీయుటకు గూడ అట్టి చిత్రమే యర్హము.

ఈ పలకల విలువ జలాశయములు కట్టిన పిదప మరింత పెరిగినది. శ్రీశైలము ఆనకట్ట వలన 1981 నాటికి కర్నూలు, మహబూబునగరు మండలములలో వందకు పైబడిన గ్రామములు మునిగినవి. కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయిరాయిగా విప్పి అలంపురమున మరల నిర్మించిరి. సప్తనదీసంగమమున నున్న సంగమేశ్వరాలయము ఏటేట నీరు తగ్గినపుడు కొన్నినాళ్లు బయటపడి మరల మునుగుచున్నది. ఆలయములను మార్చుటకు నిపుణు లుండిరి. ఇండ్లను, అరుగులను, బావిగట్లను, వీధిమలుపులను మార్చుట యెవరితరము? ఆ వీధులలో నిలిచి ఏ స్టూడియోవాడైనను తీసిన పెండ్లి ఊరేగింపు పలక నేడు దొరకినచో, దాని వెనుక కనబడు గోడయే ఒక గ్రామచరిత్ర.

పట్టణములయందలి స్టూడియోలు

ఇరువదవ శతాబ్దిలో కెమేరా ప్రభుత్వపు చేతినుండి అంగడిలోనికి వచ్చినది. నికోలస్, వీలే అండ్ క్లైన్ వంటి మదరాసు సంస్థలు పెద్దపట్టణపు గిరాకిని తీర్చగా, క్రమముగా జిల్లాపట్టణములందును ఫోటోస్టూడియోలు వెలసినవి. పైకప్పున గాజుపలకలు గల గది, చిత్రించిన తెర, కుర్చీ, పూలకుండి, దానిముందు అరపలక లేక పూర్తిపలక కెమేరా – ఇది దక్షిణదేశపు స్టూడియో స్వరూపము.

ఈ మార్పును చరిత్రకారుడు తేలికగా తీసికొనరాదు. క్షామకాలమున రాయలసీమవాడు చిత్రింపబడెను. స్టూడియోకాలమున ఆతడు రుసుమిచ్చి చిత్రము తీయించుకొనెను. కూర్చుండు విధమును, కట్టు బట్టను, ప్రక్కన నిలుపు బంధువును తానే నిర్ణయించుకొనెను. పెండ్లిచిత్రములు, బదిలీపోవు అధికారి వీడ్కోలు గ్రూపు ఫోటోలు, పాఠశాల చివరితరగతి గ్రూపు ఫోటోలు, పెద్దలు గతించినపుడు గోడకు తగిలించు పటములు ఈ కెమేరాలచేతనే వచ్చినవి. పరికరము ఇంచుమించు ఒకటియే. దానిముందు నిలిచినవాని స్థితి మారినది. పలకకెమేరాను వస్తువుగా మాత్రమే చూచువానికి ఈ భేదము కనబడదు.

ఈ స్టూడియోలందు వాడబడిన కెమేరాలు అన్నియు సీమనుండి వచ్చినవి కావు. లాంకాస్టర్, థార్న్‌టన్–పికార్డ్, సాండర్సన్ అను ఆంగ్లనామములతోబాటు, స్వదేశనిర్మితమైన వాగీశ్వరి కెమేరా దక్షిణదేశపు స్టూడియోలందు విస్తారముగ వాడబడినది. కేరళమున ఆలప్పుళలో హార్మోనియములు మొదలగు వాద్యములను బాగుచేయు కుటుంబమునకు చెందిన కరుణాకరన్ 1940 తరువాతి దశకమున దీనిని రూపొందించెను. హార్మోనియపు తిత్తిని బాగుచేయు చేతికి కెమేరా తిత్తిని బాగుచేయు పని దొరకుటయే ఆ పరిశ్రమకు ఆరంభము. విదేశపు సేకర్తలు చిరకాలము లెక్కలోనికి తీసికొనని ఈ టేకుకెమేరా దక్షిణదేశపు చరిత్రకు సాండర్సన్ కంటె తక్కువది కాదు.

1953 అక్టోబరు 1 న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్ర మేర్పడినది. 1956 వరకు ఆ పట్టణమున డేరాలలోను అద్దెయిండ్లలోను కచ్చేరీలు నడచినవి. కోస్తామండలముల ఉద్యోగికుటుంబములు అచ్చట మూడేండ్లు నివసించినవి. ఆ మూడేండ్ల స్టూడియోచిట్టా యొకటి లభించినచో, ఏ యూరివారు, ఏ కులవృత్తులవారు, ఏ శుభకార్యములకు చిత్రము తీయించుకొనిరో తెలిసి, రాజధానీనగరపు సాంఘికచరిత్రకు అది అపూర్వాధారము కాగలదు.

పరీక్షావిధానము

ఇక పరిశోధకునికి ఒక పాతకెమేరా లభించినదనుకొందము. దానిని పరీక్షించుటకు తాళపత్రప్రతి పరీక్షావిధానమే చాలవరకు సరిపోవునని మా యభిప్రాయము.

తాళపత్రప్రతికి గద్య యెట్టిదో కెమేరాకు తయారీదారుని బిళ్ల యట్టిది. కొయ్యపై అతికించిన దంతపు లేక ఇత్తడి బిళ్లపై సంస్థ పేరును, ఊరును ఉండును. సంస్థ పేరు మారిన కాలము తెలిసినచో కెమేరాకాలమునకు హద్దు దొరకును. థార్న్‌టన్–పికార్డ్ భాగస్వామ్యము 1888 లో నేర్పడినది గనుక ఆ బిళ్ల గల కెమేరా అంతకు పూర్వపుది కాజాలదు.

కటకము చుట్టునున్న ఇత్తడి కట్టుపై చెక్కిన సంఖ్య రెండవ యాధారము. డాల్‌మేయర్, రాస్ వంటి సంస్థల క్రమసంఖ్యలనుబట్టి కాలమును ఉజ్జాయింపుగ నిర్ణయించుటకు వీలున్నది. కటకపు జాతియు కాలమును తెలుపును. 1840 నాటి పెట్స్వాల్ కటకము ముఖచిత్రములకు ప్రసిద్ధము. గోర్జ్ వారి డాగోర్ 1892 నాటిది. కుక్ మూడుగాజుల కటకము 1893 నాటిది. జైస్ వారి టెస్సార్ 1902 నాటిది. కట్టులోని చీలికలో చొనుపు రంధ్రపు రేకులున్నచో ఆ యేర్పాటు 1858 కు తరువాతిది.

ఇచ్చట ఒక మెలకువ అవసరము. గ్రంథము యొక్క రచనాకాలము వేరు, ప్రతి యొక్క లేఖనకాలము వేరు. అట్లే కెమేరా నిర్మాణకాలము వేరు, దానితో చిత్రము తీసిన కాలము వేరు. గాజుపలకలు కరవైన పిదప అదే పలకపెట్టెలో రేకుతొడుగుపై ఫిలిముముక్కను పెట్టి, శతాబ్దారంభపు కెమేరాతో అరువది డెబ్బదియేండ్ల పిదప గూడ పని నడపినవారు కలరు. కెమేరా 1900 నాటిది గనుక చిత్రమును ఆనాటిదే యనుట హేతుదూరము.

మరియు వేర్వేరు ప్రతుల యాకులు కలిసిపోయిన తాళపత్రపుకట్టవలె, పెట్టె యొకరిది, కటక మొకరిది, పలకపెట్టె మరియొకరిది అయిన కెమేరాలు అనేకములు. సేకర్త దీనిని దోషముగ నెంచి వెల తగ్గించును. చరిత్రకారునికి ఆ కలయికయే సాక్ష్యము. పగిలిన కటకమునకు బదులు ఏది దొరకినది, తిత్తికి ఏ తోలుతో మాసిక వేసిరి, మరచీల పోయినచోట కమ్మరి యేమి బిగించెను – ఇవన్నియు సీమనుండి వచ్చిన యంత్రము మన యూరి చేతులలో బ్రతికిన విధమును తెలుపును. పలకపెట్టెలపై సిరాతో వేసిన వరుససంఖ్యలు చిట్టాలోని సంఖ్యలతో సరిపోవుటయు కలదు.

వెల

వెల విషయమును దాచుటకు వీలులేదు. మొట్టమొదట అమ్మకమునకు వచ్చిన కెమేరాలలో నొకటియైన జిరూ డాగెరియోటైపు కెమేరా 2010 లో వియన్నా నగరపు వేలమున 7,32,000 యూరోలకు పోయినది. అది ప్రపంచమున మిక్కిలి కొద్దిగ మిగిలిన జాతి. మన పట్టణములందు దొరకు అరపలక కెమేరాలు అట్లు కాక వేలకొలదిగ తయారైనవి. వాని వెల స్వల్పము. వెల పెంచు గుణములు నాలుగు: తయారైన సంఖ్య తక్కువగుట, అంగములన్నియు మొదటివే యగుట, కటకము నిర్మలముగ నుండుట, పలకపెట్టెలు చెడకుండుట. ఉష్ణదేశములకై టేకుకొయ్యతో చేసి, జిగురుపై నాధారపడక ఇత్తడిబిళ్లలతో మూలలు బిగించిన కెమేరాలకు సేకర్తలలో ప్రత్యేకాదరము కలదు.

వెలపై ఆశచే రెండు అనర్థములు కలుగుచున్నవి. మొదటిది మెరుగు. ఇత్తడి తళతళలాడునట్లు తోమి, కొయ్యకు కొత్తలక్క పూసి, తిత్తి మార్చినపుడు చేతిగుర్తులును మాసికలును సిరాసంఖ్యలును మాసిపోవును. తాళపత్రముపై అక్షరములను మెరుపుకై గీకివేయువా డుండునా? రెండవది కూటసృష్టి. అలంకారమునకై కొత్తగ చేసిన కొయ్యకెమేరాలు పాతవిగ చెలామణి యగుట కలదు. గరుకుగాజు తొలగునా, పలకపెట్టె వెలుగు చొరకుండ కూర్చుండునా, తిత్తిలోపల నలుపు పూర్తిగ నున్నదా, పండ్లపట్టీ నిజముగ బింబమును సరిచేయునా అని చూచినచో బొమ్మకెమేరా వెంటనే బయటపడును.

1972 నాటి పురావస్తువుల చట్టప్రకారము, విజ్ఞానమును కళలను తెలుపు వస్తువులు నూరేండ్లకు తక్కువ కానివైనచో పురావస్తువులుగ నెన్నబడగలవు; అట్టి వానిని ప్రైవేటువారు దేశముదాటింపరాదు. సేకర్తలును విక్రేతలును దీనిని గమనింపవలెను.

విలువ

మా దృష్టిలో కెమేరా, పలక, చిట్టా అను మూడును కలిసినదే ఒక ప్రతి. వీనిలో వెల యెక్కువ పలుకునది కెమేరా. విలువ యెక్కువ గలది చిట్టా. దురదృష్టవశమున నాశనము విలువ క్రమముననే జరుగుచున్నది. కెమేరా అమ్ముడుపోవుచున్నది, పలకలపై పూత గీకివేసి గాజును పటములకును కిటికీలకును వాడుట మనదేశమున చిరకాలముగ నున్న వాడుక, చిట్టాలు చిత్తుకాగితములతో కలిసిపోవుచున్నవి. రాజా దీనదయాళు స్టూడియోకు చెందిన గాజునెగెటివులు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు 1989 లో చేరి రక్షింపబడినవి. నిజాము ఆస్థానచిత్రకారునికి లభించిన ఆ భాగ్యము జిల్లాపట్టణపు స్టూడియోవానికి లభింపలేదు.

ప్రకృతి మాత్రము ఈ సీమకు కొంత యనుకూలముగ నున్నది. తేమ హెచ్చుగనుండు తీరప్రాంతములందు జెలటినుకు బూజుపట్టును, తిత్తి కుళ్లును. కర్నూలు, కడపల పొడిగాలి ఈ రెంటికిని మేలు. చెదలును ఎర్రదుమ్మును ఇచ్చటి శత్రువులు. కావున వెదకినచో కోస్తాలోకంటె ఇచ్చటనే పలకలు చెడక దొరకునని ఆశింపవచ్చును. దొరకిన పలకలను నీట కడుగరాదు. అంచులతో మాత్రమే పట్టుకొనవలెను. ఒక్కొక్కదానిని ఆమ్లరహితమైన కాగితపు సంచిలో నుంచి నిలువుగ పేర్పవలెను. పాత మందుసీసాలను తెరువరాదు. తడిపలక చిత్రమును నిలుపుటకు సయనైడు గూడ వాడబడుచుండెను.

కర్నల్ మెకంజీ కాలమున ఈ మండలముల గ్రామములందు కరణముల నోటను వ్రాతలందును ఉన్న చరిత్రను కైఫియతులుగ సేకరించిరి. కడపలో నుద్యోగించిన బ్రౌను దొర వానికి నకళ్లు వ్రాయించెను. ఆనాడు ఆ వ్రాతలకు అంగడిలో వెల లేదు. నేడు అవి లేక కడప గ్రామచరిత్ర లేదు. అట్టి కైఫియతు ప్రతి పాతకెమేరాకును వ్రాయబడవలెను. ఏ సంస్థవారిది, ఏ సంఖ్యది, ఎవరు ఎచ్చటనుండి తెచ్చిరి, ఎన్ని చేతులు మారినది, ఎవరెవరు బాగుచేసిరి, ఏ యూళ్లకు పోయి ఏ చిత్రములు తీసినది, పలకలు ఎచ్చట నున్నవి, చిట్టా యున్నదా లేదా – ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పగల వృద్ధులు స్టూడియోల వెనుకగదులలో ఇంకను కొందరున్నారు. వారి మాట వ్రాసికొనుటకు ధనమక్కరలేదు. ఒక పుస్తకమును, ఓర్పును చాలును.

కెమేరాను కొనుటకు శాఖలకు శక్తి లేకపోవచ్చును. అది యెవరి యింటనున్నను బాధలేదు. దాని కైఫియతు విశ్వవిద్యాలయమున నుండవలెను. క్షామకాలపు ముఖములకు పేరులు వ్రాసికొన్నవారు లేకపోయిరి. స్టూడియోకాలపు ముఖములకు పేరులు చిట్టాలలో నున్నవి. ఆ చిట్టాలు చిత్తుకాగితముల తూకములోనికి పోకమునుపే ఒక్కొక్క విద్యార్థి తన యూరి స్టూడియో నొకదానిని పరిశోధనాంశముగ స్వీకరించినచో, రాయలసీమ సాంఘికచరిత్రకు నేడు లేని యొక యధ్యాయము చేకూరగలదు.